కత్తై వైరు

మూడేళ్ళ నుంచి ఎవరొచ్చి ఏ బండి పని అడిగినా మా అబ్బా జవాబు ఒకటే. "నక్కో." పాత గిరాకీలు ఇంటికొచ్చి బతిమాలినా అదే. లారీ షెడ్డు సేట్ స్వయంగా వచ్చి, "ఉస్తాద్, మీరు కుర్చీలో కూచుని చెప్పండి చాలు, పిల్లలు చేస్తరు" అన్నా అదే. షుగర్ వల్ల కళ్ళు ఖరాబయ్యాయి. రెండుసార్లు లేజర్ చేయించాం. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలుస్తుంది, రంగులే సరిగ్గా తెలియవు. ఎరుపు, గోధుమ, ఊదా మూడూ ఆయనకు ఒకే రంగు. ఆటో ఎలక్ట్రీషియన్‌కి రంగు తెలియకపోతే ఇక ఏం మిగిలినట్టు? బళ్ళారి చౌరస్తా దగ్గరున్న దుకాణం షట్టర్ దించి, తాళంచెవి అమ్మీ చేతిలో పెట్టేశాడు.

అలాంటి మనిషి, పోయిన ఎండాకాలం వకీల్ సాబ్ కూతురు మా గుమ్మంలో నిలబడి, "ఉస్తాద్, మా నాన్న అంబాసిడర్‌ని మళ్ళీ నడిపిద్దామనుకుంటున్నా. ఇంజను అయింది, బాడీ అయింది, వైరింగ్ ఒకటే మిగిలింది" అనగానే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "చేస్తానమ్మా" అన్నాడు.

నేనూ అమ్మీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె వెళ్ళాక అడిగాను, "కళ్ళు?"

"నీవి ఉన్నయి గదా. స్కూలుకు సెలవులే గదా. నువ్వు రంగు చెప్పు, నేను పని చెప్తా."

నేను గవర్నమెంట్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమం చెప్పి ఇరవై ఏళ్ళ నుంచి జీతం తీసుకుంటున్నా. చిన్నప్పుడు బడి నుంచి రాగానే దుకాణంలో కూచుని వైర్లు చివర్లు ఒలిచేవాణ్ణి. గోళ్ళలో గ్రీజు ఉందని క్లాసులో పిల్లలు నవ్వితే, నిమ్మచెక్కతో, ఇసుకతో రుద్దుకునేవాణ్ణి. ఇంటర్‌లో చేరాక ఇక దుకాణం మెట్టెక్కలేదు. అబ్బా ఏమీ అనలేదు. "చదువుకో బేటా, ఈ హునర్ నాతోనే పోనీ" అన్నాడు ఒకసారి. మజాక్‌గానే అన్నాడు. అది మజాక్ కాదని నాకు పిల్లలు పుట్టాక అర్థమయింది.

*

వకీల్ సాబ్ ఇల్లు పాత ఊళ్ళో, తుంగభద్ర వైపు. 2009 అక్టోబర్ 2 మా కర్నూలు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తుంగభద్రా హంద్రీ ఒకేసారి ఊళ్ళోకి వచ్చిన రోజు అది. మా దుకాణంలో చార్జర్లూ, చుట్టలు చుట్టలు వైర్లూ, ఆర్మేచర్లూ అన్నీ బురదయ్యాయి. వకీల్ సాబ్ అంబాసిడర్ షెడ్డులోనే మునిగింది. నీళ్ళు తీశాక కడిగారు, అరుగు మీదికి ఎక్కించారు, పైన టార్పాలిన్ కప్పారు. ఆ మరుసటి ఏడాదే ఆయన ఇంతెకాల్ అయ్యాడు. ఆ తర్వాత టార్పాలిన్ ఎవరూ తియ్యలేదు.

అది మార్క్ 2 అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన బండి. లోపల 1489 సీసీ పెట్రోల్ ఇంజను. 2014లో ఆ ఫ్యాక్టరీ అంబాసిడర్లు చెయ్యడం ఆపేసింది. ఇప్పుడు పాత బండ్లు ఇష్టపడే వాళ్ళు వెతికి వెతికి తెచ్చుకుంటున్నారు. మేడం మాత్రం షోకు కోసం చేయించడం లేదు. ఆమె లెక్చరర్‌గా రిటైర్ అయింది. నాన్న నడిపిన బండిలో ఒక్కసారి మంత్రాలయం దాకా పోయి రావాలి, అంతే. నవంబర్‌లో నాన్న వర్ధంతి.

మేం వెళ్ళేసరికి బండి పెళ్ళికొడుకులా ఉంది. కొత్త క్రీమ్ రంగు. బానెట్ లేపితే ఇంజనుకు కూడా పచ్చ రంగు కొట్టారు. ఆ అందమంతటి మధ్యలో, ఫైర్‌వాల్ మీద ఒక పాత వైర్ల గుత్తి పాముల బుట్టలా వేలాడుతోంది. మట్టి రంగు టేపు. దాని లోంచి ఎక్కడెక్కడి నుంచో కొసలు. కొన్నింటికి లగ్గులున్నాయి, కొన్నింటికి లేవు. బాడీ షాపు వాళ్ళు ఇంజను దించేటప్పుడు విప్పలేక కత్తిరించారు. ఏది ఎక్కడిదో రాసి పెట్టుకోవాలన్న సోయి ఎవరికీ లేకపోయింది.

అబ్బా స్టూలు మీద కూచుని ఆ గుత్తిని ఒళ్ళో పెట్టుకున్నాడు. పసిపిల్లని పెట్టుకున్నట్టు. వేళ్ళతో నెమ్మదిగా తడిమాడు.

"పహ్లే రంగులు నేర్చుకో" అన్నాడు.

పాత లూకాస్ పద్ధతి అది. మద్రాసులో లూకాస్ టీవీఎస్ వాళ్ళ సామాను వచ్చిన రోజుల్నుంచి మన మెకానిక్కుల ఖురాక్ అదే. అబ్బాకి ఆ రంగుల ఇంగ్లిషు పేర్లు రావు. ఆయన ఉస్తాద్ నేర్పిన పేర్లే ఆయనకు తెలుసు.

"కత్తై" అన్నాడు. కాచు రంగు, అంటే గోధుమ. "బ్యాటరీ నుంచి సీదా వస్తది. తాళం తీసినా, పెట్టినా, నువ్వు ఇంట్లో పండుకున్నా అందులో జాన్ ఉంటది. చౌకీదార్ అనుకో. వాడికి నిద్ర లేదు. వాడికి ఫ్యూజు గూడా లేదు. అందుకే వాడితో మజాక్ నక్కో.

"సఫేద్. తాళం తిప్పితే లేస్తది. కాయిల్‌కు పోయేది అదే. సఫేద్ మీద కాలా గీత ఉంటే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ పాయింట్‌కి.

"హరా. సఫేదే ఫ్యూజు దాటి వస్తే హరా అయితది. వైపరు, పెట్రోలు ముల్లు, ఇండికేటరు, బ్రేక్ లైటు అన్నీ హరా ఖాన్‌దాన్. గీతను బట్టి ఎవరి బిడ్డ ఎవరో తెలుసుకో.

"నీలా హెడ్‌లైట్లు. లాల్ చిన్న లైట్లు. కత్తై మీద పీలా గీత డైనమో డి. కత్తై మీద హరా గీత డైనమో ఎఫ్. ఆ రెండూ మారిస్తే కటౌట్ కాలిపోతది.

"ఆఖరున కాలా. ఎర్త్. ఎవడెంత తిరిగినా ఇంటికి ఆ దారినే పోవాలె."

అంత పెద్ద బండికి ఫ్యూజులు రెండే రెండు. హెడ్‌లైట్లకు లేదు. కాయిల్‌కు లేదు. కొత్త కార్లలో పదుల్లో ఉండే ఫ్యూజుల డబ్బా చూసిన కళ్ళకు అది నమ్మబుద్ధి కాలేదు. "మరి ఎక్కడైనా షార్ట్ అయితే?" అన్నాను.

"అందుకే గదా వైరు మంచిది వెయ్యాలె. ఫ్యూజు లేని చోట వైరు వేసినోడి ఈమానే ఫ్యూజు."

నేను స్కూలు నుంచి తెచ్చుకున్న పాత ఆన్సర్ షీట్ల వెనక పటం గియ్యడం షురూ చేశాను. గుత్తి మీద టేపు బ్లేడుతో చీల్చి, ఒక్కో వైరుకీ చిన్న గుడ్డ టేపు ముక్క చుట్టి నంబరు రాయడం నా పని. మొదటి జానెడు బాగానే ఉంది. రంగులు వెలిసినా, మట్టి తుడిస్తే కత్తై కత్తైగా, హరా హరాగా తెలుస్తున్నాయి. ఆ తర్వాత ఫైర్‌వాల్ దాటే చోట టేపు చీల్చగానే నా చెయ్యి ఆగిపోయింది.

లోపలంతా ఎరుపే. కత్తై అతుకు దగ్గర ఆగి ఎరుపయింది. సఫేద్ ఎరుపయింది. హరా ఎరుపయింది. అన్నీ ఒకే సన్నటి ఎర్ర వైరు. ట్రాలీ వెనక లైట్లకు వాడే రకం. పదకొండు అతుకులు లెక్కపెట్టాను. ఏ ఎరుపు ఎవరిదో పైకి చూస్తే ఖుదాకే తెలియాలి. కొన్నిచోట్ల ఇన్సులేషన్ ఎండి, నొక్కితే బిస్కెట్టులా పొడి అవుతోంది. లోపలి రాగి వరద నీళ్ళకు పచ్చబడింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏ నాలాయక్ చేసిండు అబ్బా ఈ పని? ఇట్లాంటి వాణ్ణి దుకాణం పెట్టనిచ్చిందెవరు?"

అబ్బా జవాబు చెప్పలేదు. వేళ్ళు అతుకు మీదే ఉన్నాయి. కాసేపటికి, "ఎండ ఎక్కువుంది. చాయ్ తాగుదాం పా" అని లేచాడు. ఆ రోజు మళ్ళీ పని ముట్టుకోలేదు.

*

మరునాడు ఫజర్ తర్వాత చాయ్ ముందు కూచుని తనే ఎత్తుకున్నాడు. అమ్మీ లోపల రొట్టెలు చేస్తోంది. గొంతు తగ్గించి చెప్పాడు.

"నిన్న అన్నవు గదా, నాలాయక్ అని. అది నేనే."

1994. మా ఆపా నిఖాకు పది రోజుల టైముంది. వకీల్ సాబ్ అంబాసిడర్ డాష్‌బోర్డు వెనక కాలింది. డ్రైవరు తోసుకుంటూ దుకాణానికి తెచ్చాడు. కొత్త వైరింగ్ సెట్టు వెయ్యాలి. హైదరాబాదు పుత్లీబౌలి నుంచి తెప్పించాలి. వకీల్ సాబ్ మాట అడగలేదు, రసీదు అడగలేదు. సెట్టు డబ్బులు, లేబర్ కలిపి మున్షీ చేత పంపేశాడు. అదే రోజు సాయంత్రం పెళ్ళివారి తరఫు నుంచి కబురు. బరాత్‌లో నలభై మంది ఎక్కువ వస్తారు, ఖానా చూసుకోండి అని.

"ఇంట్లో పైసా లేదు. తెలిసినోళ్ళందరి దగ్గర అప్పటికే తీసుకున్నా. ఆ పైసలు జేబులో ఉండె. అందాజ్ వేసుకున్నా. ఇప్పటికి ఉన్న ఎర్ర వైరుతో జోడించేద్దాం, శాదీ అయినాంక వచ్చే నెల సెట్టు తెచ్చి వేసేద్దాం అనుకున్నా. రాత్రంతా కూచుని జోడించినా. పొద్దున బండి స్టార్టయింది. లైట్లు వెలిగినయి. వకీల్ సాబ్ వచ్చి వీపు తట్టి, షాబాష్ ఉస్తాద్ అన్నడు."

"తర్వాతి నెల?"

"తర్వాతి నెల అప్పులోళ్ళు వచ్చిరి. ఆ పై నెల మీ దాదీకి ఆపరేషన్. తర్వాత... తర్వాత బండి బాగనే నడుస్తుండె. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె? మీ పైసలు నేను తిన్నా అని చెప్పాలె. నోరు రాలేదు."

పదిహేనేళ్ళు ఆ బండి నడిచింది. వకీల్ సాబ్ కుటుంబమంతా ఎక్కి రాత్రిళ్ళు శ్రీశైలం ఘాట్ దిగేవారు. ఆ బండి ఊళ్ళో ఎదురైనప్పుడల్లా అబ్బాకి ముందు వాసన వచ్చేదట. కాలిన వైరు వాసన. నిజంగా వచ్చేది కాదు. ఆయనకే వచ్చేది. 2009లో వరద వచ్చి బండి మునిగిందని తెలిసినప్పుడు, మా దుకాణం పోయిన గమ్‌లో కూడా, లోపల ఎక్కడో తసల్లీ కలిగిందని చెప్పాడు. ఇక అది ఎవరినీ ఎక్కించుకోదు కదా అని.

నాకు ఆపా నిఖా బాగా యాద్ ఉంది. ఎనిమిదో తరగతి నేను. ఖుబానీ కా మీఠా రెండు కప్పులు తిన్నాను. ఆ మీఠాలో ఒక కారు వైరింగ్ ఉందని నాకేం తెలుసు?

ఏమనాలో తెలియలేదు. కోపం వచ్చిందంటే వచ్చింది. దుకాణంలో మమ్మల్ని కూచోబెట్టి, "గిరాకీ వస్తువు అమానత్" అని చెప్పిన మనిషి ఈయనే. ఆ మాట నమ్మే నేను ఇన్నేళ్ళూ తల ఎత్తుకుని తిరిగాను. అప్పులిచ్చిన వాళ్ళకు ఆయన ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు. నమ్మి ఒప్పజెప్పిన వాడికి ఎగ్గొట్టాడు. చాయ్ చల్లారిపోయింది. ఇద్దరం ఖామోష్‌గా కూచున్నాం. చివరికి నేనే అన్నాను, "లేవండి అబ్బా. ఎండెక్కకముందే పోదాం."

*

రెడీమేడ్ సెట్టు వద్దన్నాడు అబ్బా. దొరికేవి తర్వాతి మోడళ్ళవి, ఆల్టర్నేటర్‌కు కుట్టినవి, దీనికి సరిపోవన్నాడు. ఒక పాత తలుపు తెప్పించి దాని మీద పాత గుత్తిని పరిచాం. ఎక్కడ వంకర తిరుగుతుందో అక్కడ మేకులు కొట్టాం. ఎక్కడ కొమ్మ విడిపోతుందో అక్కడ రెండు మేకులు. పాతది తీసేశాక తలుపు మీద మేకుల పటం మిగిలింది. ఆ మేకుల వెంట కొత్త వైర్లు ఒక్కొక్కటే పరిచాం. నేను హైదరాబాదు పోయి రంగు రంగుల చుట్టలన్నీ తెచ్చాను. కత్తై మీద పీలా గీత ఉన్నది నాలుగు దుకాణాలు తిరిగితే దొరికింది.

తీసేసిన ఎర్ర గుత్తిని నేను పారెయ్యలేదు. ఒక మధ్యాహ్నం కూచుని ఒక్కో అతుకూ విప్పి చూశాను. లెక్క కట్టాలనిపించింది. టీచర్ బుద్ధి. కటౌట్ దగ్గర్నుంచి వచ్చే పెద్ద కత్తై వైరు బండి మొత్తం కరెంటు మోస్తుంది. డైనమో నిండుగా ఇస్తే 20 యాంపుల చుట్టూ ఉంటుంది. హెడ్‌లైట్లు రెండూ కలిపి 90 వాట్లు అనుకుంటే, 12 వోల్టులతో భాగిస్తే వాటికే ఏడున్నర యాంపులు. 0.30 మిల్లీమీటరు తీగలు 14 పేనిన సన్న వైరు మోయగలిగేది తొమ్మిది యాంపుల లోపే. పెద్ద కత్తైకి కనీసం 44 తీగలది ఉండాలి.

ఆ చోట అబ్బా రాత్రంతా కూచుని ఏం చేశాడో అప్పుడు కనిపించింది. సన్న ఎర్ర వైర్లు మూడు తీసుకుని, జడలా అల్లి, రెండు కొసలూ సీసం కరిగించి అతికాడు. పైన మూడు పొరల టేపు. మూడు పద్నాలుగులు నలభై రెండు. దాదాపు సరిపోయింది. మిగతా చోట్ల ఒంటి వైరే, గతుకుల అతుకులే. ఈ ఒక్క చోట మాత్రం, నిద్ర లేని ఆ చౌకీదార్ దగ్గర, చెయ్యి మోసం చెయ్యలేకపోయింది.

"ఇక్కడ మూడు వేసినారే" అన్నాను.

"భయమైంది" అన్నాడు అబ్బా, అంతే.

మంచి పనితనమని నేను చెబితే ఒప్పుకోలేదు. "మంచి పని చేసేటోడు మూడు ఎర్రవి అల్లడు బేటా. ఒక కత్తై వేస్తడు. తర్వాత విప్పేటోడికి అది ఏందో తెలియాలె గదా. రంగు ఉండేది మన కోసం కాదు. మన తర్వాత వచ్చేటోడి కోసం."

ఎనిమిది రోజులు పట్టింది. నేను రంగు చదివితే, ఆయన వేళ్ళతో వైరు మందం చూసి, "ఇది 28 తీగలది, ఇది 14ది" అని చెప్పేవాడు. ఒక్కసారీ తప్పు పోలేదు. లగ్గులు నేను నొక్కితే ఆయన లాగి చూసేవాడు. ఊడి వస్తే, "ఫిర్ సే" అనేవాడు. మొదటి రోజు పదింటిలో ఆరు ఊడాయి. ఆఖరి రోజు ఒక్కటీ ఊడలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ జేబులోంచి తన పాత ప్లయరు తీసి నా చేతిలో పెట్టాడు.

*

గుత్తి బిగించాం. డైనమో, కటౌట్, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, సెల్ఫ్ సాలినాయిడ్, హార్న్, టెంపరేచర్ ముల్లు, ఆయిల్ లైటు. కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ అన్న చోట సఫేద్, సీబీ అన్న చోట సఫేద్ మీద కాలా. ప్లగ్గులకు 1-3-4-2. బ్యాటరీ తగిలించే ముందు అబ్బా ఒక చిన్న బల్బును బ్యాటరీ మూతికీ లైవ్ వైరుకీ మధ్య పెట్టమన్నాడు. తాళం తీసి ఉండగా బల్బు వెలగలేదు. "ఎక్కడా దొంగతనంగా పోతలేదు. ఇప్పుడు తగిలించు."

మేడం, ఇంజను మేస్త్రీ, పక్కింటి పిల్లలు అందరూ చేరారు. నేను సీట్లో కూచున్నాను. సెల్ఫ్ కొట్టాను. ఇంజను నీరసంగా మూలిగి, సగం తిరిగి ఆగింది. మళ్ళీ కొట్టాను. అదే మూలుగు. ప్లాస్టిక్ కాలిన వాసన.

"చోడ్! చోడ్!" అని అరిచాడు అబ్బా. ఆ కేకలో ఉన్న భయం నాకొక్కడికే అర్థమయింది.

దిగి చూస్తే చోక్ కేబుల్ పొగలు కక్కుతోంది. చోక్ కేబుల్‌కు కరెంటుతో సంబంధమే లేదు. అది ఉత్త తీగ, కార్బురేటర్ దాకా లాగడానికి. నేను మల్టీమీటరు తీశాను. బ్యాటరీ 12.6. బాగుంది. సాలినాయిడ్ బాగుంది. సెల్ఫ్ మోటారు కొత్తగా చుట్టించింది. ఇంజను మేస్త్రీ, "వైరింగ్‌లోనే గల్తీ ఉంది" అన్నాడు పెదవి విరుస్తూ. నా మొహం మాడిపోయింది. పటమంతా మళ్ళీ మొదట్నుంచి చూడ్డం షురూ చేశాను.

అబ్బా నా చేతిలో కాగితం తీసి పక్కన పెట్టాడు. తన టెస్ట్ ల్యాంపు తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్ళ నాటి హోల్డరు, రెండు వైర్లు, ఒక చిన్న బల్బు. ఒక కొస ఇంజను మీద గీకి పెట్టాడు. రెండో కొస బాడీ మీద.

"ఇప్పుడు సెల్ఫ్ కొట్టు. ఒక్క సెకను."

కొట్టాను. బల్బు వెలిగింది.

"ఇంజనూ ఎర్తే, బాడీ ఎర్తే. రెండూ ఎర్తయితే మధ్యలో లైటెందుకు వెలగాలె, మాస్టరూ?" అన్నాడు. నన్ను మాస్టర్ అనడం అదే మొదటిసారి.

నేను ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్న పాఠం అదే. రెండు బిందువుల మధ్య పొటెన్షియల్ తేడా ఉంటేనే కరెంటు పారుతుంది. అంబాసిడర్ ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూచుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజను నుంచి బాడీకి ఒక అల్లిన రాగి పట్టీ ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు వందకు పైగా యాంపులు ఆ పట్టీలోంచే బ్యాటరీకి వాపస్ పోవాలి. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు. ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజనుకూ బాడీకీ మధ్య మిగిలిన ఇనుప తీగ చోక్ కేబుల్ ఒకటే. పాపం అది కాలింది.

వంగి చూశాను. పట్టీ ఉంది. కొత్తది, మెరుస్తోంది. బోల్టులు బిగువుగా ఉన్నాయి. కానీ దాని కింద రెండు వైపులా చక్కటి కొత్త రంగు. బాడీ మీద క్రీమ్, ఇంజను మీద పచ్చ. రంగు మీదే పట్టీ బిగించారు. బోల్టు తాడి కొద్దిగా తగులుతోంది, అంతే.

ఉప్పుకాగితంతో రెండు చోట్లా రంగు గీకాను. ఇనుము తెల్లగా కనిపించేదాకా. పళ్ళ వాషరు వేసి బిగించి, పైన వేజ్‌లీన్ రాశాం. మేడం కొత్త రంగు గీకుతుంటే కళ్ళు మూసుకుంది.

ఈసారి సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరిగింది. రెండోసారికి అందుకుంది. ఆ చప్పుడు... అంబాసిడర్ తెలిసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. మేడం గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంజను మేస్త్రీ మాట్లాడకుండా బీడీ ముట్టించుకున్నాడు.

కానీ డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరలేదు. రేస్ చేసినా ఆరలేదు. డైనమో చార్జింగ్ ఇవ్వడం లేదు.

"యాద్ పోయింది దానికి" అన్నాడు అబ్బా. డైనమో లోపలి ఇనుములో కొంచెం అయస్కాంతం మిగిలి ఉండాలి. ఆ కొంచెమే మొదటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటే మిగతా అయస్కాంతాన్ని పెంచుతుంది. ఏళ్ళ తరబడి పడి ఉండి, మళ్ళీ చుట్టించిన డైనమోకి అది పోతుంది. ఇంజను ఆపి, ఎఫ్ వైరు తీసి, బ్యాటరీ లైవ్ నుంచి ఒక వైరుతో ఎఫ్ మూతిని రెండుసార్లు ముట్టించమన్నాడు. చిటుక్కు చిటుక్కుమని నీలి నిప్పురవ్వ. "బస్. యాద్ వచ్చింది."

మళ్ళీ స్టార్ట్ చేశాం. దీపం మెల్లగా మసకబారి, రేస్ ఇచ్చేసరికి ఆరింది. ఆ దీపానికి ఒక వైపు బ్యాటరీ, ఒక వైపు డైనమో. రెండు వైపులా బరాబర్ అయితే అది ఆరుతుంది. అబ్బాకి ఆ దీపం కనిపించదు. "బుఝ్ గయా?" అని అడిగాడు. "బుఝ్ గయా అబ్బా" అన్నాను.

*

సాయంత్రం మేడం కవరు తెచ్చింది. అబ్బా చేతులు కడుక్కుని, టోపీ సర్దుకుని, నిలబడి చెప్పాడు. 1994. సెట్టు డబ్బులు. ఎర్ర వైరు. బిడ్డ నిఖా. ఒక్క ముక్క దాచుకోలేదు, ఒక్క బహానా చెప్పలేదు. నేను పక్కన నిలబడి నేల చూస్తున్నాను.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "పదిహేనేళ్ళు ఆ బండిలోనే తిరిగాం ఉస్తాద్. పిల్లలతో సహా."

"అవునమ్మా."

"ఏమీ కాలేదు కదా."

"కాలేదమ్మా. కాకపోవడం నా హునర్ కాదు. మీ నసీబ్."

ఆమె కవరు వైపు చూసింది. ఇస్తుందేమో, అబ్బా వద్దంటాడేమో, ఇద్దరూ అటూ ఇటూ తోసుకుంటారేమో అని నేను సంకోచపడుతున్నాను. ఆమె అలా చెయ్యలేదు. కవరు బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసింది.

"సరే ఉస్తాద్. మా నాన్న బాకీ తీరింది."

"షుక్రియా అమ్మా" అన్నాడు అబ్బా. గొంతు వణికింది. ఆమె డబ్బులిచ్చి ఉంటే, నాకు తెలుసు, ఆయన ఇంటికి అంత తేలిగ్గా నడిచి వచ్చేవాడు కాదు. క్షమించాను అని పెద్ద మాట అన్నా అంతే. ఆమె హిసాబ్‌ను హిసాబ్‌గానే చూసి, కొట్టేసింది.

నవంబర్‌లో మంత్రాలయం పోయి వచ్చింది. దారిలో చీకటి పడిందట. హెడ్‌లైట్లు బాగా పడ్డాయని ఫోన్ చేసింది. అబ్బాకి స్పీకర్ పెట్టి వినిపించాను.

ఆ ఎర్ర గుత్తి ఇప్పుడు మా స్కూల్ ల్యాబ్‌లో ఉంది. విద్యుత్తు పాఠం వచ్చినప్పుడు పిల్లలకు చూపిస్తాను. ఏ వైరు ఎక్కడిదో రంగు చూసి చెప్పమంటాను. చెప్పలేరు. అన్నీ ఒకే రంగు కదా సార్ అంటారు. అప్పుడు పాఠం షురూ చేస్తాను. అది చేసిందెవరో వాళ్ళకు చెప్పను. కానీ మూడు వైర్లు అల్లిన చోటు మాత్రం అందరి చేతా ఒకసారి తడిమిస్తాను.